పేరు ఆమెది, గంటలు ఎవరివి?

ఈ మధ్య చేతిపని చేసే స్త్రీలతో పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థల సమావేశం ఒకటి రెండు రోజులపాటు జరిగింది. రెండో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, అందరం కునికిపాట్లు పడుతున్న వేళకి నిర్వాహకులు తెరమీద ఒక విజయగాథ చూపించారు. మెక్సికోలో చదువుకున్న ఒక యువతి పల్లెలకి వెళ్ళింది. అక్కడి ఆదివాసీ స్త్రీలు కుట్టే రవికలు చూసి ముగ్ధురాలైంది. తిరిగొచ్చి ఒక ఫ్యాషన్ కంపెనీ పెట్టింది. ఇవాళ ఆ బట్టలు పెద్ద పెద్ద నగరాల దుకాణాల్లో అమ్ముడవుతున్నాయి. చివర్లో ముడతలు పడ్డ ముఖంతో నవ్వుతున్న ఒక ముసలామె ఫోటో. దాని కింద ఒకే మాట: సాధికారత. ఆ తర్వాత మాకు ఇచ్చిన పని, మీ మీ ప్రాంతాల్లో ఇలాంటి బ్రాండు ఎలా కట్టవచ్చో గ్రూపులుగా కూర్చుని చర్చించండని.

ఆ ముసలామె పేరేమిటి అని అడిగాను. తెలీదన్నారు. ఆమె వేసుకున్న రవిక కుట్టడానికి ఎన్ని గంటలు పట్టింది అని అడిగాను. "అది తర్వాత మాట్లాడుకుందాం అక్కా" అంది నిర్వాహకురాలు. తర్వాత టీ వచ్చింది. ఆ తర్వాత ఎవరి బస్సు వాళ్ళది. తీరని ఆ చర్చ కోసమే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. మెక్సికో ఎంబ్రాయిడరీ అని ఒకటేమీ లేదు, మన దగ్గర "భారతీయ ఎంబ్రాయిడరీ" అని ఒకటి లేనట్టే. వహాకా రాష్ట్రంలో సాన్ ఆంతొనీనో కస్తీయో వెలాస్కో అనే జపోతెక్ ఊరుంది. అక్కడి రవికల మీద పువ్వులు కుడతారు. అసలు గొప్పతనం మాత్రం రొమ్ము దగ్గర, కుచ్చుల్లో ఉంటుంది. ఆ సన్నటి కుచ్చుల్ని దారంతో పట్టి చిన్న చిన్న మనిషి బొమ్మల వరస తేలేలా కుడతారు. ఆ కుట్టుకు వాళ్ళు పెట్టుకున్న పేరు "చేతనైతే నన్ను చెయ్యి". కళ్ళు పోయే పని. ఒక మంచి రవిక పూర్తికావాలంటే నెలలు పడుతుంది. ఆ పేరులో ఉన్న పొగరు నాకు చాలా ఇష్టం. తన పని విలువ తనకు తెలిసిన మనిషి పెట్టిన పేరది.

ఇదాల్గో రాష్ట్రంలో తెనాంగో దె దోరియా దగ్గర ఒతోమీ స్త్రీలది మరో దారి. పెద్ద తెల్లటి నూలు గుడ్డ మీద పక్షులు, జింకలు, నక్కలు, చెట్లు, అన్నీ కళ్ళు చెదిరే రంగుల్లో, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఈ పెద్ద గుడ్డలు అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. ఒంటిమీద బట్టలకి కుట్టుకునే కుట్టు పాతదే. కానీ 1960లలో కరువొచ్చి పంటలు పోయినప్పుడు, నాలుగు డబ్బుల కోసం ఆ కుట్టును పెద్ద గుడ్డల మీదికి తెచ్చి అమ్మకానికి పెట్టారు. అంటే అది కరువు పని. ఇవాళ దుకాణాల్లో "వేల ఏళ్ళ ప్రాచీన సంప్రదాయం" అని కాగితం తగిలించి అమ్ముతున్నది కరువులో ఆడవాళ్ళు కనిపెట్టిన బతుకుతెరువుని. దాన్ని కనిపెట్టారు అని ఎవరూ అనరు. కనిపెట్టడం అంటే నగరంలో కూర్చున్నవాళ్ళు చేసేదే మరి.

ఈ కుట్టుల్ని పెద్ద కంపెనీలు ఎలా ఎత్తుకుపోయాయో చాలామందికి తెలిసే ఉంటుంది. 2015లో పారిస్‌కి చెందిన ఇజబెల్ మరాన్ కంపెనీ, వహాకాలోని సాంతా మరియా త్లావితోల్తెపెక్ అనే మిహే ఊరి రవికను దాదాపు ఉన్నదున్నట్టు దింపి అమ్మింది. బ్యాండు మేళాలకి పేరుపడ్డ కొండమీది ఊరు అది. ఆ రవిక మాదేనంటూ ఆంటిక్ బాటిక్ అనే మరో ఫ్రెంచి కంపెనీ కోర్టుకెక్కింది! కోర్టులో మరాన్ తరఫున చెప్పుకున్న జవాబేమిటంటే, ఆ డిజైను మెక్సికోలోని ఆ ఊరిది కాబట్టి ఆంటిక్ బాటిక్ దానికి సొంతదారు కాలేదని. ఎంత నిజాయితీ! ఊరిదని ఒప్పుకున్నది ఊరికి ఏదన్నా ఇవ్వడానికి కాదు, రెండో కంపెనీకి ఇవ్వకుండా ఉండడానికి. 2019లో కరొలీనా హెరేరా కంపెనీ తెనాంగో జంతువుల్ని, తెవాంతెపెక్ పువ్వుల్ని గౌన్ల మీదికి ఎక్కించింది. మెక్సికో సాంస్కృతిక మంత్రి అలెహాంద్రా ఫ్రౌస్తో ఉత్తరం రాసి నిలదీస్తే, ఇది మెక్సికో సంస్కృతికి మా నివాళి అన్నారు. 2020లో మరాన్ మీదే మళ్ళీ ఫిర్యాదు, ఈసారి పురేపెచా నమూనాల గురించి. అప్పుడు క్షమాపణ చెప్పింది. 2021లో జారా, ఆంత్రొపాలజీ, పటౌల్ అనే మూడు కంపెనీల మీద అదే మంత్రిత్వ శాఖ ఫిర్యాదు చేసింది. వీటిలో పటౌల్ దించుకున్నది ఏమిటో తెలుసా? "చేతనైతే నన్ను చెయ్యి".

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇజబెల్ మరాన్ స్త్రీ. తన పేరుతో తానే కంపెనీ పెట్టుకున్న స్త్రీ. ఆంటిక్ బాటిక్‌ని స్థాపించింది స్త్రీ. కరొలీనా హెరేరా కంపెనీని స్థాపించింది స్త్రీ, 2019 నాటికి డిజైన్లు మగవాడి చేతిలో ఉన్నా సరే. అంటే పారిస్ కోర్టులో ఒక మిహే ఊరి ఆడవాళ్ళ రవిక గురించి కొట్లాడుకున్నవి ఇద్దరు స్త్రీలు పెట్టిన కంపెనీలు. "స్థాపకురాలు స్త్రీ" అన్న మాట చూడగానే మన సంస్థల్లో చాలామందికి ప్రశ్నలు ఆగిపోతాయి. ఆగకూడదని ఆ కేసు చెప్తోంది.

దొంగల్ని తిట్టడం సులువు. నా వాదన దొంగల గురించి కాదు. ఆ దొంగతనానికి జవాబుగా ముందుకొచ్చిన మంచివాళ్ళ గురించి. మేము ఎత్తుకుపోము, ఊరికి వెళ్ళి, అడిగి, కలిసి పనిచేసి, డబ్బిచ్చి తీసుకుంటాము అనే స్థాపకురాళ్ళ గురించి. వాళ్ళలో అందరికంటే మెరుగైన ఉదాహరణనే తీసుకుంటాను. నాసిరకం ఉదాహరణని ఓడించి చంకలు గుద్దుకోవడం వల్ల మనకేం ఒరగదు.

కార్లా ఫెర్నాండెజ్ మెక్సికోలోని సాల్తియోలో 1973లో పుట్టింది. కళాచరిత్ర చదివింది. 2000 ప్రాంతంలో మెక్సికో నగరంలో తన పేరుతోనే బ్రాండు మొదలుపెట్టింది. ఆమె చేసిన మంచి పని ఒకటుంది, దాన్ని తక్కువ చెయ్యను. మెక్సికో ఆదివాసీ దుస్తులన్నీ చతురస్రాలు, దీర్ఘచతురస్రాలతో తయారవుతాయని, యూరప్ దర్జీపని లాగా గుడ్డని వంపులుగా కత్తిరించి వృథా చేయవని గమనించింది. మన చీర, పంచె, కండువా కట్టుకున్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మగ్గం మీంచి దిగిన గుడ్డకి కత్తెర తగలనివ్వకపోవడంలో ఒక గౌరవం ఉంది. ఆ నిర్మాణ పద్ధతుల్ని ఊరూరా తిరిగి నమోదు చేసింది. ఊళ్ళవాళ్ళని నగరానికి రప్పించుకోకుండా తానే పని పట్టుకుని ఊళ్ళకి వెళ్ళింది. సంప్రదాయం అంటే గడ్డకట్టిన వస్తువు కాదని, ఫ్యాషన్ అంటే ఆర్నెల్లకి పారేసే చెత్త కానక్కర్లేదని వాదించింది. 2013లో నెదర్లాండ్స్ వారి ప్రిన్స్ క్లాస్ అవార్డు వచ్చింది. 2014లో అమెరికాలోని బోస్టన్‌లో ఇజబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియం ఆమె పని మీద ప్రదర్శన పెట్టింది. ఫ్యాషన్‌ని ప్రతిఘటన అని పిలిచే మనిషి ఆమె. జారాతో ఈమెని ఒకే గాటన కట్టడం అన్యాయం.

అయినా అడుగుతాను. రవిక మెడ వెనకాల లేబుల్ మీద ఎవరి పేరుంది?

ఇది అసూయతో అడిగే ప్రశ్న కాదు. ఈ వ్యాపారంలో రెండు మాటలున్నాయి: "డిజైనర్", "చేతిపనివారు". డిజైనర్‌కి పేరుంటుంది, ముఖం ఉంటుంది, అవార్డు ఉంటుంది, ఒక డిజైను పాతబడితే ఇంకొకటి చేసే హక్కు ఉంటుంది. చేతిపనివారికి ఊరి పేరుంటుంది, తెగ పేరుంటుంది, "తరతరాల నైపుణ్యం" ఉంటుంది. తెనాంగోలో గుడ్డమీద ముందు ఒకరు బొమ్మలు గీస్తారు, తర్వాత మరొకరు కుడతారు. చాలాసార్లు గీసేది ఒకరు, కుట్టేది వేరొకరు. గీసేవాళ్ళు డిజైనర్లు కారా? ఏ నక్క పక్కన ఏ పువ్వు రావాలో, ఎర్రటి పిట్ట తోక ఎక్కడ తిరగాలో ఆలోచించిన మనిషి చేసింది డిజైను కాకపోతే మరేమిటి? ఆమె ఆలోచన "సంప్రదాయం" ఖాతాలోకి పోతుంది. సంప్రదాయానికి జీతం ఇవ్వక్కర్లేదు కదా. నగరంలో కూర్చుని "ఇంత రంగు వద్దు, నల్లదారం ఒక్కటే చాలు, పువ్వు చిన్నది చెయ్యండి" అన్న మనిషి ఆలోచన మాత్రం డిజైను ఖాతాలోకి వెళ్తుంది. దానికి ధర ఉంటుంది.

మెదడు ఒకచోట, చేతులు ఒకచోట అనే ఈ విభజన మనకి కొత్తది కాదు. కులవ్యవస్థలో పుట్టినవాళ్ళం, ఇది మనకి ఒకరు నేర్పాలా!

ఇంక రెండో సంగతి, నా దృష్టిలో అసలు సంగతి, గంటలు. ఈ బ్రాండు కథలన్నిటిలో ఒక వాక్యం తప్పకుండా వస్తుంది: "స్త్రీలు తమ ఇంటిని, పిల్లల్ని చూసుకుంటూనే, వీలున్న సమయంలో ఈ పని చేసుకుని ఆదాయం పొందుతున్నారు." ఎంత చల్లటి వాక్యం! ఈ వాక్యం మన గోదావరి జిల్లాల్లో ఎప్పటినుంచో ఉంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో లేసు అల్లే స్త్రీల మధ్య పరిశోధన చేసి, 1982లో పుస్తకంగా తెచ్చింది. మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పిన అల్లిక అది. ఆమె చూసిందేమిటి? ఇంటి చాకిరీ అంతా చేస్తూనే, రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న స్త్రీలని. వాళ్ళ లేసు విదేశాలకి పోతోంది. ఎగుమతిదారులు మగవాళ్ళు, వాళ్ళు మేడలు కట్టారు. అడిగితే అందరూ చెప్పింది ఒక్కటే, ఇళ్ళలో ఖాళీగా కూర్చునే ఆడవాళ్ళు కాలక్షేపానికి చేసుకునే పని అని. పొలం కూలికి పోయే దళిత స్త్రీకి వచ్చే కూలికంటే, గడప దాటని కాపు స్త్రీ లేసు అల్లి సంపాదించేది తక్కువ. కానీ "మేము కూలికి పోము" అనే పరువు మిగిలింది. ఆ పరువే ఎగుమతిదారుడికి లాభం. కార్మికురాలిని కార్మికురాలిగా కాక ఇల్లాలిగా చూపించి కూలి తగ్గించే ఈ ప్రక్రియకి మీస్ పెట్టిన పేరుని మనం గృహిణీకరణ అంటున్నాం.

నరసాపురంలో మగ ఎగుమతిదారుడు "ఖాళీ సమయం" అన్నాడు. మెక్సికో నగరంలో స్త్రీ స్థాపకురాలు "తన సమయం తన చేతుల్లో ఉంది" అంటుంది. మాట ఎంత ముద్దుగా మారినా గంటల పుస్తకం మాత్రం ఎవరూ తెరవరు.

ఒకసారి తెరిచి చూద్దాం. 2025లో మెక్సికోలో సాధారణ కనీస వేతనం రోజుకి 278.80 పెసోలు. ఎనిమిది గంటలకి భాగిస్తే గంటకి 34.85. ఒక రవిక మీది కుట్టుకి వంద గంటలు పట్టిందనుకుందాం. నెలలు పట్టే పనుల ముందు వంద గంటలు ఎక్కువేమీ కాదు. కేవలం కనీస కూలి, అదీ చీపురు పట్టే పనికి ఇచ్చే కూలి లెక్కన 3,485 పెసోలు కావాలి. ఇందులో గుడ్డ లేదు, దారం లేదు, కళ్ళజోడు లేదు, బస్సు ఛార్జీ లేదు. ముప్పై ఏళ్ళు సూది పట్టిన నైపుణ్యానికి ఒక్క పెసో లేదు. ఈ లెక్క వేశాక ఏ బ్రాండునైనా అడగండి, కుట్టిన మనిషికి ఎంత ముట్టిందని. "న్యాయమైన ధర" అని జవాబు వస్తుంది. న్యాయమైనది అనేది విశేషణం, మాకు అంకె కావాలి.

చట్టం లేదా అంటే ఉంది. మెక్సికో 1970 నాటి కార్మిక చట్టంలో ఇంటిదగ్గర చేసే పనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఇంటికి పని ఇచ్చే యజమాని తన పేరు నమోదు చేయించుకోవాలి, షరతులు కాగితం మీద రాయాలి, పనిచేసే మనిషికి పని, కూలి రాసిన పుస్తకం ఒకటి ఇవ్వాలి, అదే పని కంపెనీలో చేసేవాళ్ళకిచ్చే కూలికంటే తగ్గించకూడదు. కాగితం మీద ఎంత బావుందో చూడండి. దాన్ని తప్పించుకునే దారి ఒక్క మాటలో ఉంది: ఆమె కార్మికురాలు కాదు, మా "భాగస్వామి". మా "సహచరి". భాగస్వామికి కూలి పుస్తకం ఎందుకు? లాభంలో వాటా ఉందా అంటే అదీ లేదు. కార్మికురాలి హక్కు లేదు, భాగస్వామి వాటా లేదు, పేరు మాత్రం రెండిటికంటే అందమైనది.

1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి ఆధారిత పని మీద 177వ ఒడంబడికని ఆమోదించింది. దాని వెనక మన అహ్మదాబాద్ సేవా సంఘం స్త్రీల పోరాటం చాలా ఉంది. బీడీలు చుట్టేవాళ్ళు, అతుకుల బొంతలు కుట్టేవాళ్ళు జెనీవా దాకా తీసుకెళ్ళిన విషయం అది. భారతదేశం దాన్ని ఇవాళ్టిదాకా ధ్రువీకరించలేదు. మెక్సికో కూడా ధ్రువీకరించలేదు. ఈ రెండు దేశాలూ తమ ఆడవాళ్ళ చేతిపనిని విమానాశ్రయాల్లో అద్దాల వెనక పెట్టి గర్వపడతాయి.

ఇక్కడ నా మిత్రురాళ్ళు రెండు మాటలంటారని తెలుసు. మొదటిది, ఆ స్థాపకురాలు లేకపోతే ఆ కాస్త కూడా రాదు కదా అని. నిజమే. ఊరికి వచ్చే దళారీ కంటే ఆమె ఎక్కువే ఇస్తుండవచ్చు, ముందు డబ్బు ఇస్తుండవచ్చు, మళ్ళీ ఆర్డరు తెస్తుండవచ్చు. కానీ ఆమెని దళారీతో పోల్చి మెచ్చుకోవాలంటే ముందు ఆమె చేస్తున్నదీ ఆ వ్యాపారమేనని ఒప్పుకోవాలి. కుట్టిన పీసులో ఒక పువ్వు వంకరపోతే తిప్పి పంపుతుందా? పంపితే ఆ వంద గంటలు ఎవరి మీద పడతాయి? నమూనా కుట్టి చూపించమన్నప్పుడు ఆ నమూనాకి కూలి ఉందా? ఈ రంగు మేము కుట్టం, ఈ గుర్తు అమ్మకానికి పెట్టం అని వాళ్ళంటే వచ్చే ఏడు ఆర్డరు ఉంటుందా? మంచి స్థాపకురాలికీ చెడ్డ స్థాపకురాలికీ తేడా ఆమె కళ్ళలో తడి కాదు, ఈ ప్రశ్నలకి రాసిపెట్టిన జవాబు.

రెండో మాట, గంటల లెక్కన కడితే ఆ ధరకి ఎవరూ కొనరు అని. కొనకపోవచ్చు. అలాగైతే ఆ వస్తువు తక్కువ ధరకి దొరుకుతున్నది బ్రాండు సామర్థ్యం వల్ల కాదు, ఒక మనిషి తన జీవితంలో అరవై డెబ్భై గంటలు ఊరికే ఇచ్చేస్తోంది కాబట్టి. కొనేవాళ్ళకి రాయితీ ఇస్తున్నది ఆమె. అది "నైతిక ఫ్యాషన్" అని చీటీ తగిలించుకోవడం ఎందుకు?

సరే, చట్టం వచ్చిందిగా అంటారు. 2022 జనవరిలో మెక్సికో ఆదివాసీ, ఆఫ్రో మెక్సికన్ సముదాయాల సాంస్కృతిక వారసత్వాన్ని కాపాడే చట్టం తెచ్చింది. ఈ డిజైన్లకి ఆ సముదాయాలే ఉమ్మడి హక్కుదారులని, వాళ్ళ అనుమతి లేకుండా వ్యాపారం చేస్తే శిక్ష ఉంటుందని చెప్పింది. 2025 ఆగస్టులో అడిడాస్ కంపెనీ వహాకాలోని యాలాలగ్ ఊరి చెప్పుల నమూనాని వాడుకుని, ఆ ఊరికే వచ్చి జనం ముందు క్షమాపణ చెప్పిందంటే, కాలం కొంత మారిందనే అనుకోవాలి. నేను దాన్ని స్వాగతిస్తాను. కానీ "సముదాయం" అంటే ఎవరు?

వహాకాలో చాలా మునిసిపాలిటీలు తమ ఆచార పద్ధతిలోనే సభ పెట్టుకుని పాలకుల్ని ఎన్నుకుంటాయి. పార్టీల కుళ్ళు లేని స్వపరిపాలన అని మనం మెచ్చుకునే పద్ధతి అది. 2007లో సాంతా మరియా క్యెగొలానీ అనే ఊళ్ళో యూఫ్రోసీనా క్రూస్ అనే జపోతెక్ స్త్రీ అధ్యక్ష పదవికి నిలబడింది. ఆడది కాబట్టి ఆమెకి పడ్డ ఓట్లు చెల్లవన్నారు. ఆమె ఊరుకోలేదు, రాష్ట్రమంతా కదిలేలా పోరాడింది, ఆ తర్వాత వహాకా శాసనసభకే అధ్యక్షురాలైంది. సూది స్త్రీ చేతిలో ఉండి సంతకం సభలోని మగవాడి చేతిలో ఉంటే, ఉమ్మడి హక్కు అనేది ఎవరి జేబులోకి వెళ్తుంది? కంపెనీ వచ్చి సభతో ఒప్పందం చేసుకుంటుంది, డబ్బు ఊరి ఖాతాలో పడుతుంది, గుడి రిపేరుకో రోడ్డుకో పోతుంది. కుట్టిన మనిషి గంటలు మళ్ళీ మాయం. ఇలా జరిగి తీరుతుందని అనడం లేదు. జరగకుండా ఆపేది ఆ చట్టంలో నాకు కనిపించలేదు.

ఈ చిక్కుని ఆ దేశపు ఆదివాసీ స్త్రీలు మనకంటే ముందే పట్టుకున్నారు. 1993 చివర్లో చియాపాస్‌లో జపతిస్తాల స్త్రీల విప్లవ చట్టం వెలువడింది. 1994 జనవరి 1న, అమెరికా, కెనడాలతో మెక్సికో చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజునే, తిరుగుబాటు మొదలైంది. ఆ చట్టంలో రెండో అంశమే స్త్రీలకి పనిచేసే హక్కు, న్యాయమైన జీతం పొందే హక్కు. ఊరి వ్యవహారాల్లో పాల్గొనే హక్కు, పదవుల హక్కు నాలుగో అంశం. కొట్టకూడదన్నది కూడా ఉంది, ఇష్టంలేని పెళ్ళి చేయకూడదన్నది కూడా ఉంది. దాన్ని ఊరూరా తిరిగి చర్చించి తెచ్చినవాళ్ళలో కమాందాంతా రమోనా ఒకరు. ఆమె సాన్ ఆంద్రేస్ ప్రాంతపు త్సొత్సిల్ స్త్రీ. 2006లో చనిపోయింది. ఆమె వృత్తి ఏమిటో తెలుసా? కుట్టుపని. సూది పట్టిన మనిషే కూలిని, సభలో చోటుని, ఒంటిమీద దెబ్బని ఒకే కాగితం మీదకి తెచ్చింది. మన విజయగాథల్లో ఇవి మూడూ విడిపోతాయి. కూలి "ఆదాయోత్పత్తి కార్యక్రమం" కిందికి, సభ "నాయకత్వ శిక్షణ" కిందికి, దెబ్బ "కౌన్సెలింగ్" కిందికి. మూడు వేర్వేరు నిధులు, మూడు వేర్వేరు నివేదికలు.

అదే చియాపాస్ కొండల్లో 1990లలో హొలోమ్ మయాయేతిక్ అనే స్త్రీల సహకార సంఘం నిలబడింది. వాళ్ళది ఎక్కువగా నడుముకి కట్టుకునే మగ్గం మీద నేతలోనే పూలు ఎత్తే పని. దాన్ని కూడా కుట్టు అని కలిపేస్తుంటారు, కాదు. నేసే స్త్రీలే సంఘం పదవుల్లో ఉంటారు. స్పానిష్ రాని స్త్రీలు లెక్కలు నేర్చుకున్నారు. దీన్ని స్వర్గమని చెప్పను. సహకార సంఘాలు ఎలా కునారిల్లుతాయో మనకి తెలియంది కాదు, ఆప్కో బకాయిల కోసం తిరిగి చెప్పులు అరిగిన చేనేతవాళ్ళని అడగండి. ఆర్డర్లు ఆలస్యమవుతాయి, తగాదాలొస్తాయి, బాగా మాట్లాడగలిగిన ఇద్దరు ముగ్గురే ముందుకొస్తారు. కానీ అక్కడ తగాదా పడటానికి ఒక బల్ల ఉంది. రేటు ఎంత అన్న ప్రశ్న వేసినామె, జవాబు చెప్పాల్సినామె ఒకే గదిలో ఉంటారు. బ్రాండులో ఆ గది లేదు. ఉన్నా, దాని తాళం స్థాపకురాలి దగ్గర ఉంటుంది, ఆమె ఎంత మంచిదైనా.

ఇంత రాశాక నా సంగతి దాచడం బాగుండదు. మా సంస్థ దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ స్త్రీలతో కుట్టు కేంద్రం నడుపుతోంది. అద్దాలు, గవ్వలు పెట్టిన సంచులు, కుషన్ కవర్లు చేయిస్తాం. ఎన్నో ఏళ్ళపాటు పీసు రేటే ఇచ్చాం. కుషన్ కవరుకి 150 రూపాయలు. ఆ రేటు ఎలా వచ్చిందో ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే సిగ్గేస్తుంది. ఎగ్జిబిషన్‌లో ఎంతకి పోతుందో చూసి, స్టాలు అద్దె తీసేసి, మా ఖర్చులు తీసేసి, మిగిలింది కూలి అన్నాం. అన్నీ తీశాక మిగిలేది ఆమెది! మా నివేదికల్లోనూ "తీరిక సమయంలో" అనే రాశాం. రాసింది నేనే.

ఒకరోజు ఒకామె అడిగింది: "మట్టిపనికి పోతే మస్టర్ల పేరు రాస్తరు, కొలత రాస్తరు. సూదిపనికెందుకు రాయరు మేడం?" ఉపాధి హామీ పనికి పోయివచ్చిన అనుభవంతో అడిగిన మాట అది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికో నోటు పుస్తకం ఇచ్చి గంటలు రాయడం మొదలుపెట్టాం. చదువురానివాళ్ళకి పిల్లలు రాశారు. కుషన్ కవరుకి సగటున 14 గంటలు తేలింది. అంటే గంటకి 11 రూపాయలు కూడా పడలేదు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. మట్టి తవ్వే పనికంటే, తల్లి దగ్గర పదేళ్ళు నేర్చుకున్న పనికి మేం తక్కువ ఇచ్చాం. పైగా బ్రోషర్‌లో ఆమె ఫోటో వేసుకున్నాం.

రేటు పెంచాం. సగం ఆర్డర్లు పోయాయి. ఇప్పుడు తక్కువ వస్తువులు చేస్తున్నాం, చిన్న పనులకి తక్కువ కుట్టు పెట్టి ధర కుదుర్చుకుంటున్నాం. ఏ ఆర్డరు తీసుకోవాలో, దేనికి ఎంతో నెలకోసారి కేంద్రంలో వాళ్ళే కూర్చుని తేలుస్తున్నారు. రెండుసార్లు నా మాట ఓడిపోయింది. లేబుల్ మీద ఎవరి పేరు వేయాలన్నది ఇంకా తేలలేదు. అందరి పేర్లూ వేస్తే చోటు చాలదని కొందరు, తండా పేరు వేస్తే పక్క తండావాళ్ళు ఒప్పుకోరని కొందరు. సూదిలో దారం ఎక్కించుకునే టైము, అద్దాలు ఏరుకునే టైము రాయాలా వద్దా అన్నదాని మీద కూడా పెద్ద రగడే అయింది. రాయాలని తీర్మానించారు.

ఆ సమావేశానికి వచ్చిన సంస్థలు, ఇంకా లేసు, కలంకారీ, బొంతలు, మగ్గం వర్కు చేయిస్తున్న సంస్థలు ఒక వారం పాటు ఇలా గంటలు రాయించి ఆ లెక్క పంపమని అడుగుతున్నాను. పీసు రేటు, గంటలు, తిప్పి పంపిన పీసుల నష్టం ఎవరు భరించారు, ఈ మూడూ రాస్తే చాలు. పత్రిక చిరునామాకే పంపండి. సంస్థ పేరు రాయడం ఇష్టం లేకపోతే జిల్లా పేరు రాయండి. మా నోటు పుస్తకాల నకళ్ళు అడిగినవాళ్ళకి పంపిస్తాం.